శుక్రవారం ఇవ్వరు, శనివారం తీసుకోరు: పావగడలో నా బండి మార్పిడి

పావగడ పోయి వచ్చానంటే చాలు, మా కాలేజీ స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న: "దర్శనం బాగా అయిందా?" శనిమహాత్ముడి ఊరు కాబట్టి, అక్కడికి పోయే మనిషిని ఏదో గ్రహం పీడిస్తూ ఉంటుందని వాళ్ళ లెక్క. నన్ను పీడిస్తున్నది గ్రహం కాదు, నా మణికట్లు. నేను పోయింది బండి మార్చుకోవడానికి.

నాకు యాభై దగ్గర పడుతోంది. చాలా ఏళ్ళుగా స్పోర్ట్స్ బైకు నడుపుతున్నాను. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ బండి హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాళ్ళు వెనక్కి ముడుచుకోవాలి, పెట్రోల్ ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంగాలి. రేసు మైదానంలో గాలిని చీల్చుకుంటూ పోవడానికి తయారైన భంగిమ అది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆటోల మధ్య చీల్చడానికి గాలి కూడా దొరకదు. ఒంటి బరువంతా మణికట్ల మీద పడి, ఈ మధ్య పాఠం చెబుతుంటే చేతిలోంచి చాక్‌పీసు జారిపోవడం మొదలైంది. డాక్టరు "బండి నడపొద్దు, ఇలా వంగి మాత్రం నడపొద్దు" అన్నాడు. పక్కనే ఉన్న మా అన్న మొదటి సగమే విన్నాడు.

అన్న కూతురు బెంగళూరు హాస్టల్లో చేరినప్పటి నుంచి ఆమె స్కూటర్ ఇంట్లో ఊరికే పడి ఉంది. అన్న దాన్ని కడిగించి, గాలి కొట్టించి, మా వాకిట్లో పెట్టి వెళ్ళాడు. "ఇకనుంచి ఇది నీది. నీ బండికి బేరం కూడా కుదిర్చాను. సోమవారం వచ్చి పట్టుకుపోతారు" అన్నాడు. "అంతలోపల నేను వేరే బండి తెచ్చుకుంటే?" అన్నాను. "తెచ్చుకో చూద్దాం" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వే నన్ను పావగడకు పంపింది.

మా బండ్లవాళ్ళ గ్రూపులో సుధాకర అనే అబ్బాయి ఒక కబురు పెట్టాడు. తన దగ్గర నేకెడ్ బైకు ఉంది, బదులుగా స్పోర్ట్స్ బైకు కావాలి. నేకెడ్ అంటే కంగారు పడకండి. ఇంజిను చుట్టూ ప్లాస్టిక్ తొడుగు లేని బండి, అంతే. హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది. వెన్ను నిటారుగా పెట్టుకుని మనిషిలా కూర్చోవచ్చు. వేగం వేగమే, వంగడం ఉండదు. ఆ అబ్బాయికి రేసు మోజు, నాకు రోడ్డు అవసరం. శుక్రవారం సెలవు పెట్టి బయలుదేరాను.

రెండు రాష్ట్రాల మధ్య బండి కాగితాల బదిలీ గోల ఇక్కడ రాయను. దాని మీద రాస్తే అది యాత్ర కాదు, ఫిర్యాదు అవుతుంది.

వెంకటమ్మనహళ్లి

సరిహద్దు దాటానని బోర్డుల మీద అక్షరాలు చెబితేగాని తెలియలేదు. అదే ఎర్రమట్టి, అవే చెనక్కాయ చేలు, అదే తెలుగు. వెంకటమ్మనహళ్లిలో రేకుల కింద ఒకామె హోటల్ నడుపుతోంది. మా ఊళ్ళో నేను హెల్మెట్ తీయగానే "ఆడమనిషా!" అని నోరు తెరిచి, ఆ నోరు మూసుకున్నాక ఆర్డర్ తీసుకుంటారు. ఈమె హెల్మెట్ తీయకముందు "ఏం కావాలప్పా?" అంది. తీశాక "ముద్దనా, అన్నమా అప్పా?" అంది. అంతే. ఆ ఒక్క మర్యాదకే ఆమె హోటల్‌కు మళ్ళీ పోతాను.

మా సంగటిలో బియ్యం పడతాయి, వీళ్ళ ముద్దలో అచ్చంగా రాగిపిండే. ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్ళతో చేసిన బస్సారు పోసింది. నేను అలవాటు కొద్దీ నములుతుంటే పక్క బెంచీ మీది ముసలాయన జాలిగా చూశాడు.

"నమలకూడదమ్మా, మింగల్ల."

"పళ్ళు ఉన్నప్పుడు నమిలితే తప్పేంటి?"

"తప్పు లేదు. సాయంత్రందాకా నములుతానే ఉంటావు, అంతే."

వాదించడానికి ఇంకా చాలా ఉంది గాని, అప్పుడే నా తిమ్మిరి వేళ్ళలోంచి ముద్ద జారి సారులో పడి, ఆ సారు ముసలాయన పంచె మీద పడింది. హోటలామె గుడ్డ తెచ్చి ఇస్తూ అడిగింది.

"ఏందప్పా, చేతుల్లో బలం లేదా?"

"బండి మీద వంగి వంగి ఇట్లయినాయి."

ఆమె బయట నిలబెట్టిన నా బండిని పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే దాన్ని నువ్వు నడపడంల్యా. అదే నిన్ను నడుపుతా ఉండాది" అంది. ముద్ద తినగలిగినంత, సారు అడిగినంత. ధర మా బస్టాండులో ఒక దోసె కంటే తక్కువ. ముసలాయన పంచెకు క్షమాపణ మాత్రం విడిగా చెప్పుకున్నాను.

పావగడ, శుక్రవారం సాయంత్రం

సుధాకర వాళ్ళది బజారులో ఇనుప సామాను అంగడి. ముందర పారలు, గునపాలు, కొడవళ్ళు, గొలుసులు, వెనక ఇల్లు. ఇంటి పక్క సందులో బండి నిలబడి ఉంది. నల్లగా, ఇంజిను ఎముకలన్నీ కనబడేలా, బలంగా. ఎక్కి కూర్చున్నాను. మణికట్ల మీద బరువు లేదు. వెన్ను దానంతట అదే నిలబడింది. కుర్చీలో కూర్చుని పాఠం చెబుతున్నట్టుంది. ఇంజిను స్టార్టు చేయకముందే ఇది నాదని నిర్ణయించుకున్నాను.

సుధాకర అప్పటికే నా బండి మీద పడుకుని అద్దంలో తనను తాను చూసుకుంటున్నాడు. "అక్కా, అదిరిపోయిందక్కా! తాళాలు మార్చుకుందామా?" అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి వాళ్ళమ్మ కాంతమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"ఈపొద్దు ఏ వారం?"

"శుక్రవారం, పెద్దమ్మా."

"పెద్దమ్మనా? నీ తలలో ఎన్ని తెల్లెంట్రుకలు ఉండాయో నాకూ అన్నే ఉండాయి. అక్కా అను. శుక్రవారం దీపాలు పెట్టే వేళ మా ఇంట్లోనించి ఏదీ బయటికి పోదు. లక్ష్మి పోతాది."

"పోయేది లక్ష్మి కాదక్కా, బండి. అదీ ఊరికే పోవడం లేదు, బదులు బండి వస్తోంది. ఇప్పుడే మీ అంగట్లో ఒకాయనకు గొలుసు అమ్మినారు. అది బయటికి పోలేదా?"

"అది అంగడి. ఇది ఇల్లు."

"రెండిటికీ మధ్య తలుపు కూడా లేదే!"

"గడప ఉండాది."

నేను డిగ్రీ పిల్లలకు రాజనీతి చెబుతాను. గడప అనే ఒక్క మాట మీద ఇంత పెద్ద సరిహద్దు కట్టిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

"సరే. రేపు పొద్దున మార్చుకుంటాం."

"రేపు శనివారం. శనివారం ఇనుము ఇంట్లోకి తెచ్చుకోకూడదు. అందులో ఈ ఊర్లో!"

"ఇనుప సామాను అంగడి పెట్టుకుని ఆ మాట అంటారా? శనివారం అంగడి మూస్తారా?"

"మూయం. శనివారం అమ్ముతాం, కొనం. కొనేటోళ్ళది వాళ్ళ ఇష్టం."

శుక్రవారం ఇవ్వరు, శనివారం తీసుకోరు. "మరి ఆదివారం?" అన్నాను. "చూద్దాం" అంది కాంతమ్మ. నాకు అనుమానం వచ్చింది అక్కడే. శుక్ర, శనివారాల మీద అంత ఖచ్చితంగా మాట్లాడిన మనిషికి ఆదివారం మీద స్పష్టత లేకపోవడం ఏమిటి? ఆదివారం చీకటి పడేలోగా కొత్త బండితో ఇంటికి చేరకపోతే, సోమవారం నా బండిని ఎవరో పట్టుకుపోతారు, నేను స్కూటర్ మీద కాలేజీకి పోతాను. ఆ దృశ్యం ఊహించుకుంటేనే వేళ్ళు ఇంకా తిమ్మిరెక్కాయి.

అయినా ఆమె నన్ను లాడ్జికి పోనివ్వలేదు. చపాతీ, అలసంద గుగ్గుళ్ళ కూర పెట్టింది. తింటూ నా గోడు చెప్పుకున్నాను. అది గోడు కాదు, స్కూటర్ జాతి మొత్తాన్నీ తిట్టడం.

"గేరు ఉండదు, క్లచ్చు ఉండదు. చెవి మెలేస్తే పోతుంది, వదిలేస్తే ఆగుతుంది. కాళ్ళు రెండూ దగ్గర పెట్టుకుని, ముందర కూరగాయల సంచి పెట్టుకుని, బుద్ధిగా కూర్చోవాలి. చీర కట్టుకున్నా నడపొచ్చట! దాన్ని బండి అంటారా?"

సుధాకర పడీ పడీ నవ్వాడు. కాంతమ్మ నవ్వలేదు. "ముందర సంచి పెట్టుకోను చోటు ఉంటాదా?" అని మాత్రం అడిగింది.

శనివారం పొద్దున

కాంతమ్మ వెంట నేనూ గుడికి పోయాను. దారి తెల్లవారేసరికే నిండిపోయింది. నువ్వుల నూనె వాసన బజారుదాకా కొడుతోంది. ఒక లారీ, ఇంకా సీటు కవరు కూడా తీయని రెండు కొత్త ట్రాక్టర్లు, పూలదండలేసుకుని వరసలో నిలబడి ఉన్నాయి. నాకు పండగే అయింది.

"చూడండక్కా! శనివారం ఇనుము కూడదంటిరి. ఇదంతా ఏమి, చెక్కనా?"

"అవన్నీ ముందే ఇంటికొచ్చిన ఇనుము. ఈడికి మొక్కను వచ్చినాయి" అంది కాంతమ్మ దీపం వెలిగిస్తూ. "నువ్వు ఇంట్లో గూడా ఇట్లనే మాట్లాడతావా?"

"ఇంకా ఎక్కువ."

"పాపం మీ అన్న."

ప్రతి శనివారం గుడి అయ్యాక ఆమె బలసముద్రం పోతుంది. పుట్టింది ఆ ఊళ్ళో. అక్కడ ఆమె చిన్ననాటి స్నేహితురాలు గంగమ్మ ఉంది. బస్సు వేళలకూ గంగమ్మ గొర్రెలు మేపే వేళలకూ పొత్తు కుదరదు కాబట్టి, కొడుకు బండి మీద తీసుకుపోతాడు. "నువ్వే నడుపు, నేను ఎనక కూర్చుంటా. నడిపినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు, గుర్తుంచుకో" అంది. చిత్రాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుని, చీర చక్రంలో పడకుండా పక్కన బిగించిన కడ్డీ మీద కాళ్ళు రెండూ సర్దుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసింది. సుధాకర నా బండి మీద ముందు దూసుకుపోయాడు.

ఆ ప్రయాణాన్ని మర్చిపోలేను. మొదటిసారి బండి మీద కూర్చుని నేను రోడ్డు కాకుండా వేరే ఏదైనా చూశాను. ఇన్నేళ్ళూ నాకు కనబడింది ముందు చక్రమూ, దాని ముందర పది గజాల తారూ. ఇప్పుడు గుట్టలు కనబడుతున్నాయి, చేలలో కలుపు తీసే ఆడవాళ్ళు కనబడుతున్నారు, వాళ్ళకు నేను కనబడుతున్నాను. ఒకామె కొడవలి ఎత్తి ఊపింది. నేనూ చెయ్యి ఎత్తాను. వేళ్ళు చెప్పిన మాట విన్నాయి.

వెనక నుంచి కాంతమ్మ మాత్రం ఊరుకోలేదు. "గుంత వస్తాది, నిదానం... ఈడ ఎడమకు... కుక్క ఉంటాది." కుక్క ఉంది కూడా.

బలసముద్రం

చేలు ఒక్కసారిగా ఆగిపోయి సోలార్ పలకలు మొదలయ్యాయి. దూరం నుంచి నిండిన చెరువులా నల్లగా మెరుస్తాయి. దగ్గరికి పోతే నీళ్ళు లేవు, ఎండ ఉంది. కంచె పక్కన వేప నీడలో గంగమ్మ గొర్రెలు తోలుకుని కూర్చుని ఉంది. మిగతా రోజుల్లో కంచె లోపల గడ్డి కోసే కూలికి పోతుంది. లోపల ఉన్న నేలలో కొంత వాళ్ళదే, సోలార్ వాళ్ళకు కౌలుకిచ్చారు.

"నా చేన్లోకి నేను పోవాలంటే గేటుకాడ పాసు చూపించల్ల" అని నవ్వింది. "అయినా ముందు వాన కోసం మొగం పైకెత్తి చూస్తా ఉంటిమి, ఇప్పుడు ఎండకు చూస్తా ఉండాం. ఎండ ఎప్పుడూ మోసం చేయలేదులే!"

ఇద్దరూ చిత్రాన్నం మీద పడి వారం రోజుల ముచ్చట్లు మొదలుపెట్టారు. ఒకరు మాట ఎత్తుకుంటే ఇంకొకరు ముగిస్తున్నారు. సుధాకర కొత్త బండి మోజులో ఉండి, "మా, ఒకసారి ఎనక ఎక్కు, గంగత్తకు చూపిద్దాం" అన్నాడు.

స్పోర్ట్స్ బండికి వెనక సీటు అటక లాగా ఉంటుంది. కాంతమ్మ రాయి ఎక్కి, గంగమ్మ భుజం పట్టుకుని ఎక్కింది. పక్కకు తిరిగి కూర్చుందామంటే కడ్డీ లేదు, కాళ్ళు పెట్టడానికి చోటు లేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. సీటేమో ముందుకు జారుడు. బండి రెండు అడుగులు కదిలిందో లేదో, ఆమె గిన్నెతో సహా కొడుకు వీపు మీద వాలిపోయింది. గొర్రెలు బెదిరి అటొకటి ఇటొకటి పరుగెత్తాయి.

"దించరా నన్ను! గుర్రం మీద కూసున్నట్టు లేదు, గుర్రం నెత్తిన కూసున్నట్టు ఉండాది!"

గంగమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత, నవ్వు ఆగాక, "అయితే వచ్చే శనివారం నించి ఎట్ల వస్తావే?" అని అడిగింది.

కాంతమ్మ గిన్నె మూత సరిగ్గా పెట్టుకుంది.

నాకు అప్పుడు అర్థమైంది. శుక్రవారమూ శనివారమూ నిజమే కావచ్చు, "చూద్దాం" అన్న ఆదివారం వెనక ఉన్నది మాత్రం ఇదీ. ఈ బండి నాకిస్తే ఆమె సీటు పోతుంది. సీటు పోతే బలసముద్రం పోతుంది. నేను నోరు మూసుకుని ఉంటే నా బండి నాకు దక్కేది. కాని నా నోటికి నా లాభనష్టాలు ఎప్పుడూ పట్టవు.

"ఏమప్పా సుధాకరా, బండి మార్చేటప్పుడు మీ అమ్మను అడిగినావా?"

"ఏం అడగాలక్కా? బండి నాది కదా."

"ముందు సీటు నీది. వెనక సీటు ఎవరిది? ప్రతి శనివారం ఎవరు కూర్చుంటున్నారు? సగం బండి ఆమెది అయినప్పుడు సగం మాట ఆమెది కాదా?"

పిల్లవాడి మొహం నల్లబడింది. మంచివాడే, ఆలోచించలేదు అంతే. తల్లి వైపు చూసి, "మా, చెప్పచ్చు కదమ్మా!" అన్నాడు.

"నువ్వు అడిగినావా చెప్పను?"

"అయితే వద్దులే అక్కా" అన్నాడు నా వైపు తిరిగి. "మార్పిడి వద్దు. ఏమనుకోవద్దు."

గెలిచాను. వాదనలో ఇంత శుభ్రంగా గెలిచి ఇంత నష్టపోయిన మనిషి ఉండదు. నల్లటి ఆ బండి వేప నీడలో నిలబడి ఉంది. దాన్ని చూడకుండా గొర్రెలను చూస్తూ కూర్చున్నాను. మా అన్న నవ్వు, మా వాకిట్లో స్కూటర్, రెండూ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి.

కాంతమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది.

"పాపా, నీ స్కూటర్‌కు నిజంగా గేరు ఉండదా?"

"ఉండదు."

"చీర కట్టుకుని నడపొచ్చునా?"

"అదే కదక్కా దాని దరిద్రం."

"ముందర చిత్రాన్నం గిన్నె పెట్టుకుంటే పడదు కదా?"

తిట్టిన తిట్లన్నీ ఈమెకు గుణగణాల్లా వినపడ్డాయని అప్పటిదాకా నాకు తట్టలేదు. గంగమ్మ ముందే అందుకుంది.

"నువ్వు నడుపుతావే? ఈ వయసులో?"

"పొట్టేలు కొమ్ములు పట్టి ఊరంతా తిరిగినదాన్ని. దాని చెవి మెలేస్తే పోతాదంట కదా, అదెంత! ఈ సోలార్ రోడ్లు చూడు, ఒక్క బస్సు లేదు, ఒక్క మలుపు లేదు. నేర్చుకోను ఇంతకంటే ఏం కావాల?"

సుధాకర నోరు తెరిచాడు. ఆమె వేలు చూపించి మూయించి, వ్యాపారస్థురాలిగా మారిపోయింది.

"మా బండి కొత్తది, నీది పాతది. స్కూటర్ గూడా కలిపితే సరిపోతాది. ఏమంటావు?"

స్కూటర్ అన్న తెచ్చిందే, కాని "ఇది నీది" అన్నది ఆయనే. నాదైనదాన్ని ఇచ్చే హక్కు నాకుంది. అక్కడే ఫోన్ చేశాను.

"ఆవిడ వయసెంత?" అన్నాడు అన్న.

"నీకంటే పెద్దది."

"చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?"

"కొడుకున్నాడు. ఇప్పుడే నోరు మూసుకున్నాడు." "సరే, సోమవారం వచ్చేవాళ్ళను వద్దంటాలే" అన్నాడు అన్న. వాదించకుండా మా అన్న ఒప్పుకున్న మొదటి మాట అది.

"సరే అక్కా, ఒప్పందం అయిపోయింది. తాళాలు మార్చుకుందాం" అన్నాను లేచి.

"ఈపొద్దా?" కాంతమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఈపొద్దు శనివారం పాపా! ఇనుము ఎట్ల తీసుకుంటాం?"

ఆదివారం, తిరుగుదారి

ఆదివారం పొద్దున గడప బయట నిలబడి తాళాలు మార్చుకున్నాం. కాంతమ్మ రెండు బండ్లకూ పసుపు కుంకుమ పెట్టి, నా చేతికి చెనక్కాయల మూట ఇచ్చింది. "స్కూటర్ పంపించేటప్పుడు శుక్రవారం మీ ఇంట్లోనించి తియ్యొద్దు, మీ లక్ష్మి పోతాది. శనివారం మా ఇంటికి రానియ్యొద్దు" అంది.

అనంతపురందాకా నిటారుగా కూర్చుని వచ్చాను. దారిలో వెంకటమ్మనహళ్లిలో ఆగి మళ్ళీ ముద్ద తిన్నాను. ఈసారి చేతిలోంచి జారలేదు. నమలలేదు కూడా, మింగాను. ఆ ముసలాయన లేడు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు. అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి తొడుగేది?" అన్నాడు. "దీనికి అవసరం లేదు" అన్నాను.

స్కూటర్ బుధవారం టెంపోలో పోయింది. ఆ తర్వాత కాంతమ్మ ఫోన్లు. మొదటి వారం సోలార్ కంచెను గుద్దింది. "హ్యాండిల్ వంగింది, నేను వంగలేదు" అంది. పోయిన శనివారం గంగమ్మను వెనక కూర్చోబెట్టుకుని ప్యానెళ్ళ చుట్టూ తిరిగిందట. గొర్రెలు స్కూటర్ హారనుకు పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నాయట.

"సుధాకర ఎట్లున్నాడక్కా? బండి బాగా తోలుతున్నాడా?"

"వాడా? నడుము నొప్పంట. ఈ రోడ్ల మీద వంగి వంగి నడుము పట్టేసిందంట. వాడి పాత బండి వాడు మళ్ళీ మార్చుకుంటాడంట, నిన్ను అడగమని నా ప్రాణం తీస్తా ఉండాడు. ఎప్పుడు పంపించల్ల?"

వాకిట్లో నా నల్లబండి ఎండకు మెరుస్తోంది. నా పది వేళ్ళూ ఫోన్‌ను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఎప్పుడైనా రమ్మనండక్కా. శుక్రవారం మాత్రం మా ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వం. శనివారం ఇనుము కదలనివ్వం. మిగతా రోజులు నేను కాలేజీకి బండి మీద పోతాను."

"మరి ఆదివారం?"

"చూద్దాం" అన్నాను.